తిక్కవరపు పట్టాభిరామిరెడ్డిగారి చలనచిత్రకృషి

సాహిత్యపరిశోధకపత్రికలో చలనచిత్రమును గుఱించిన వ్యాసమేల యను శంక పండితులలో గొందఱికి గలుగవచ్చును. నాటకమును దృశ్యకావ్యమని యంగీకరించిన మనకు, ఆ దృశ్యమే తెఱమీద ఛాయారూపమున గనబడినంతమాత్రమున విచారణకు అనర్హమగుననుట యుక్తిసహము గాదు. అదియునుగాక, ఈ వ్యాసమునకు నాయకుడైన పురుషుడు మొదట కవి. ‘పఠాభి’ యను కలముపేరుతో 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ అను చిన్న పుస్తకమును ప్రకటించి, తెలుగు ఛందస్సునకును వ్యాకరణమునకును ప్రతిఘటన జూపినవాడని మన సాహిత్యచరిత్రలు చదివినవారందఱు నెఱుగుదురు. ఆ కవియే ముప్పదియొక్క సంవత్సరములకు పిమ్మట, 1970లో, కన్నడభాషయందు ‘సంస్కార’ యను చిత్రమునకు దర్శకుడై, దక్షిణదేశమున సమాంతర చలనచిత్రమునకు ద్వారము దెఱచెను. కవిగా ఆయనను మనవాడనుచున్నాము. దర్శకునిగా కన్నడిగులు తమవాడనుచున్నారు. రెండు చరిత్రలలోను సగము సగముగా నున్న ఈ కృషిని ఒకచో జేర్చి చూచుటయు, తెలుగు కవికి నవ్యచిత్రము తెలుగున గాక కన్నడమున నేల సిద్ధించెనో విచారించుటయు ఈ వ్యాసమునకు ప్రయోజనములు.

ఈ విచారము మన సీమవారికి దూరమైనది గాదు. పట్టాభిరామిరెడ్డిగారు నెల్లూరివారు. ఆ మండలములోని వేంకటగిరి, సూళ్ళూరుపేట ప్రాంతములు 2022లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో జేరినవి. ఇక చిత్తూరు సీమ పడమటి కొసనున్న పలమనేరు, పుంగనూరు, కుప్పము ప్రాంతములు కన్నడదేశమునకు ఆనుకొనియున్నవి. అచ్చటి సంతలలో తెలుగు, కన్నడము, అరవము మూడును ఒక్కనోట వినవచ్చును. నెల్లూరిలో బుట్టి కన్నడమున ఫలించిన కృషిని రెండువైపులనుండియు జూడగల స్థానము మనది.

సమాంతరచిత్ర మనగా

ముందుగా నీ పదమును వివరింపవలసియున్నది. వాడుకలోనున్న వ్యాపారచిత్రము ప్రఖ్యాతనటులపైని, పాటలపైని, స్టూడియోలలోని సెట్టింగులపైని ఆధారపడును. దానికి ధనము తఱచుగా పంపిణీదారుల ముందుసొమ్మువలన లభించును. కావున కథయొక్క నడక వారి యభిరుచికి లోబడకతప్పదు. ఈ ప్రవాహమునకు ప్రక్కగా, స్వల్పధనముతో, నిజమైన ఊళ్ళలో, తఱచు క్రొత్త నటులతో, పాటలు నృత్యములు లేకుండ, జీవితమును ఉన్నదున్నట్లు చూపబూనిన చిత్రములకు సమాంతరచిత్రము లని పేరు. 1955లో వెలువడిన సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ ఈ మార్గమునకు తొలి మెట్టు. 1969లో మృణాల్ సేన్ హిందీలో తీసిన ‘భువన్ షోమ్’తో నిది యుద్యమరూపము దాల్చెను. మఱుసటి యేటనే కన్నడమున ‘సంస్కార’, 1972లో మలయాళమున అడూర్ గోపాలకృష్ణన్ ‘స్వయంవరం’ వచ్చినవి.

కవి

పట్టాభిరామిరెడ్డిగారు 1919లో నెల్లూర జన్మించిరి. శాంతినికేతనమునను, పిదప అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునను విద్యాభ్యాసము చేసిరి. ‘ఫిడేలు రాగాల డజన్’ ప్రకటించునాటికి వారికి ఇరువదియేండ్ల వయస్సు. దానికి శ్రీశ్రీ పీఠిక వ్రాసిరి. పేరునకు దగినట్లు ఖండికలు పండ్రెండు. వానిలో చెన్నపట్టణపు వీథులు, ఆనాటి నగరజీవనము, ఇంగ్లీషుమాటల కలగలుపు, వెక్కిరింత, శృంగారము పెనగొనియున్నవి. చిన్నయసూరి బాలవ్యాకరణమునే పేర్కొని ధిక్కరించిన కవి యని పండితులు నాడు వారిని నిందించిరి; యువకులు కొనియాడిరి. తరువాత ‘పన్‌చాంగం’ వంటి శబ్దచమత్కారరచనలును వారినుండి వచ్చినవి.

ఆ పండ్రెండు ఖండికలలోని తిరుగుబాటు ప్రధానముగా శబ్దముమీది తిరుగుబాటు. సాధుశబ్దమేది, గ్రామ్యమేది, ఏది పద్యము, ఏది గద్యము అను కట్టుబాట్లమీదనే కవియొక్క దృష్టి. శబ్దమునకు వ్యాకరణము చేయు శుద్ధికి సంస్కార మని శాస్త్రవ్యవహారము గలదు. కావున ఇరువదియేండ్ల పఠాభి కలహించినది శబ్దసంస్కారముతో నని చెప్పవచ్చును. ముప్పదియొక్క యేండ్లకు పిమ్మట వారు చేపట్టిన నవలయొక్క పేరే ‘సంస్కార’ యగుట కాకతాళీయమే యైనను, వారి కృషి యెంతదూరము నడచినదో చెప్పుట కిది మంచి కొలబద్ద.

మూడు తెలుగు చిత్రములు

ఈ రెండింటికి నడుమ వారు తెలుగు చలనచిత్రనిర్మాణమున పాల్గొనిరి. ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ (1958), ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ (1963), ‘భాగ్యచక్రము’ (1968) అను మూడు చిత్రములతో వారికి సంబంధము గలదు. మూడింటికిని దర్శకులు కె. వి. రెడ్డిగారు, మాటలు కూర్చినవారు పింగళి నాగేంద్రరావుగారు. సంస్థ జయంతీ పిక్చర్సు. ఇవి పట్టాభిరామిరెడ్డిగారి దర్శకత్వమున వచ్చినవి కావు. వాని గుణదోషములు ప్రధానముగ దర్శకునకును రచయితకును జెందును. అయినను దర్శకుడు కాబోవువానికి నివి పాఠశాల యని తలపవచ్చును. అక్కడ నేర్చిన దేమి, విడిచిన దేమి యని చూచినచో తరువాతి చిత్రము స్పష్టపడును.

‘పెళ్ళినాటి ప్రమాణాలు’ సాంఘికము. అక్కినేని నాగేశ్వరరావుగారును జమునగారును నాయికానాయకులు. ప్రేమించి పెండ్లాడిన గృహస్థు కొన్నాళ్ళకు వేఱొక స్త్రీవైపు మొగ్గుటయు, పెండ్లినాడు చేసిన ప్రమాణములను మఱల దెలిసికొనుటయు నిందలి కథ. ఆ యేటి తెలుగు చిత్రములలో నుత్తమమైనదిగ దీనికి రాష్ట్రపతి రజతపతకము లభించినది.

‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ గయోపాఖ్యానము. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి నాటకమువలన నీ కథ తెలుగుదేశమున నింటింట దెలిసినది. అర్ఘ్యమిచ్చుచున్న కృష్ణుని దోసిట గయుడను గంధర్వుని తాంబూలనిష్ఠీవనము పడుట, కృష్ణుడు వానిని జంపుదునని శపథము చేయుట, గయుడు విషయము దాచి యర్జునుని శరణుచొచ్చి యభయము బడయుట, ఇష్టసఖులైన నరనారాయణు లిరువురు యుద్ధమునకు దలపడుట — ఇది కథ. నందమూరి తారకరామారావుగారు కృష్ణుడు, నాగేశ్వరరావుగా రర్జునుడు.

ఈ రెండు కథలకును మూలమున నున్నది ధర్మసంకటము. ఒకచో ప్రమాణమునకును మనస్సునకును పోరాటము. వేఱొకచో శరణాగతరక్షణమునకును స్నేహమునకును పోరాటము. రెండుచోట్లను ముడి చక్కగా విడిపోవును. భర్త తప్పు దెలిసికొని యిల్లు చేరును. దైవప్రసన్నతచే కృష్ణార్జునుల యుద్ధము శమించును. ప్రేక్షకుడు తృప్తితో లేచును. ఇది లోపమని నేననను. మన నాటకలక్షణమున నిర్వహణసంధి యున్నదే యందులకు. సంకటమును గల్పించి, దానిని పెంచి, తుదకు సమసింపజేయుట యందు కె. వి. రెడ్డిగారిని మించినవారరుదు. కాని సమసిపోని సంకటము నొకదానిని తెఱకెక్కించిన నేమగునను ప్రశ్న ఆ మార్గమున బుట్టదు. పద్యమునకు నిర్వహణ మక్కఱలేదని యువకుడై వాదించిన పఠాభి, చిత్రమున మాత్రము పదేండ్లు నిర్వహణసంధికి లోబడి పనిచేసెను.

‘సంస్కార’ కథ, అందలి ధర్మశంక

యు. ఆర్. అనంతమూర్తిగారి కన్నడనవల ‘సంస్కార’ 1965లో వెలువడెను. అందలి ప్రశ్న పండితులకు పరిచితమైనదగుటచే కొంచెము వివరముగా జెప్పుదును.

దూర్వాసపుర మను మాధ్వబ్రాహ్మణుల అగ్రహారము. అందు నారణప్ప యనువాడు సాలగ్రామమును నీట బడవైచి, మద్యమాంసములు సేవించుచు, దేవాలయపు చెఱువులో చేపలు పట్టించుచు, చంద్రి యను భోగస్త్రీని ఇంట నుంచుకొని, ఆచారమును బహిరంగముగ ధిక్కరించి బ్రతికెను. అతడు శివమొగ్గకు బోయి జ్వరముతో దిరిగివచ్చి చనిపోయెను. సంతానము లేదు. అతనికి దహనసంస్కారము చేయు నధికార మెవ్వరిది? అతడాచారభ్రష్టుడు, చేసినవారికి దోషము. కాని అతనిని కులమునుండి విధ్యుక్తముగ వెలివేయలేదు. వెలివేసినచో మహమ్మదీయమతమున జేరి అగ్రహారముననే కాపురముందునని బెదరించినందున వెఱచి యూరకుండిరి. కావున శాస్త్రదృష్టిచే నతడింకను బ్రాహ్మణుడే. ఇతరులు శవమును ముట్టరాదు. శవము వెడలువఱకు అగ్రహారమున నెవ్వరును భుజింపరాదు. ఆకలి యొకవైపు, దుర్గంధము వేఱొకవైపు. చంద్రి తన నగలన్నియు దెచ్చి, ఖర్చులకని ముందుంచినపుడు, అంతవఱకు తప్పుకొనజూచిన బ్రాహ్మణులే అధికారమునకై పోటీపడుదురు.

కాశికి బోయి చదివి, వేదాంతశిరోమణి యని పేరొందిన ప్రాణేశాచార్యుని నిర్ణయము నందఱును గోరుదురు. ఆయన రోగిణియైన భార్య భాగీరథికి పరిచర్య చేయుటయే తపస్సుగా నెంచినవాడు. గ్రంథములన్నియు వెదకును; సమాధానము దొరకదు. మారుతిగుడికి బోయి స్వామి కుడిప్రక్కనుండి పువ్వు రాలునా యని పగలెల్ల నిరీక్షించును, రాలదు. చీకటిలో మరలివచ్చుచుండగా నడవిలో చంద్రి ఆయన పాదములపై బడును. ఆ క్షణమున ఇరువురకు సంగమము గలుగును. నిర్ణయము చెప్పవలసిన ఆచార్యుడే నారణప్ప స్థితికి వచ్చెను. నడిరేయి చంద్రి యొక మహమ్మదీయుని సాయముతో శవమును బండిపై జేర్చి శ్మశానమున గాల్చివేసి తరలిపోవును. ఎవ్వరు చేయవలెనని విద్వాంసులు తర్కించుచున్న పనిని, అధికారము లేని యిరువురు చడిచప్పుడు లేకుండ ముగించిరి. ఈ సంగతి తెలియక బ్రాహ్మణులు ఊరూర దిరిగి, తుదకు మఠమున కేగుదురు. మశూచికాదులవలె నూరిని జుట్టుకొన్నది ప్లేగు, ఎలుకలు చచ్చును, ఇండ్లపై రాబందులు వ్రాలును. భార్యయు జనిపోగా ఆచార్యుడు ఊరు విడిచి దారిబట్టును. పుట్ట యను వాచాలుడు తోడై, ఆయనను తిరునాళ్ళకు గొనిపోవును. మృతాశౌచముననున్న ఆచార్యుడు దేవాలయపు పంక్తిలో గూర్చుండి భుజించును. తుదకు దూర్వాసపురమునకు మరలబోవు బండి యెక్కును. అగ్రహారమున నేమి చెప్పునో, చెప్పునో లేదో, మనకు దెలియదు.

‘సంస్కార’ శబ్దము శ్లేష. గర్భాధానాది సంస్కారములు, అంత్యసంస్కారము, మనస్సునందలి పూర్వవాసన, గుణమును గల్పించు శుద్ధి — ఈ యర్థములన్నియు నిచ్చట బనిచేయును. సంస్కారము కావలసినది శవమునకా, ఆచార్యునకా, అగ్రహారమునకా యనునదే కథకు జీవగఱ్ఱ.

మాధ్వసంప్రదాయము తిరుపతివారికి క్రొత్తది గాదు. వ్యాసరాయలు తిరుమలపై పండ్రెండేండ్లు శ్రీవారి యర్చన నెఱపెనని ఆ సంప్రదాయమువారు చెప్పుకొందురు. పురందరదాసుని పదములు మన వీథులలో నేటికిని వినబడును. అందుచే నీ నవలపై వచ్చిన యాక్షేపణము మనకు సుగ్రాహ్యము. ఒక శాఖవారి యాచారము నిందు వికృతముగ జిత్రింపబడెనని, విద్వాంసులు తిండిపోతులుగను లుబ్ధులుగను జూపబడిరని పలువురు నొచ్చుకొనిరి. ఆ నొప్పి నిజమైనదే. గరుడ, లక్ష్మణ యను పాత్రల లుబ్ధత్వము ఒకింత ముతకగా దీర్పబడెననుటను నేనంగీకరింతును. కాని ప్రాణేశాచార్యుని యెడ రచయిత కుపహాసము లేదు. శాస్త్రమును నిజముగ నమ్మి, అది పలుకనపుడు నిజముగ బాధపడిన యొక సజ్జనుడాయన. శాస్త్రము తెలియనివాని కీ కథలో సంకటమే లేదు.

చిత్రణవిధానము

ఈ నవలను చిత్రముగ దీయుటకు గుమిగూడినవారెవ్వరో చూడుడు. చిత్రానువాదము రచించినవారు, ప్రాణేశాచార్యపాత్ర ధరించినవారు గిరీశ్ కర్నాడ్. అప్పటికే ‘యయాతి’, ‘తుఘలక్’ నాటకములచే బ్రసిద్ధులు. నారణప్ప పాత్రధారి పి. లంకేశ్, కన్నడమున కథకుడు, నాటకకర్త. చంద్రి పాత్రధారిణి పట్టాభిరామిరెడ్డిగారి సతి స్నేహలతగారు. చెన్నపట్టణమున ‘మద్రాస్ ప్లేయర్స్’ అను నాటకసమాజమును స్థాపించినవారిలో నొకరు. కళాదర్శకులు చోళమండలపు చిత్రకారులు ఎస్. జి. వాసుదేవ్. సంగీతము సరోద్ విద్వాంసులు రాజీవ్ తారానాథ్. ఛాయాగ్రాహకుడు టామ్ కోవన్ అను ఆస్ట్రేలియా దేశస్థుడు. వీరిలో చిత్రవ్యాపారమే వృత్తిగా గలవారు మిక్కిలి తక్కువ. రచయితలు, చిత్రకారులు, రంగస్థలనటులు ఎక్కువ. దర్శకుడు తెలుగు కవి. దంపతు లిరువురు రామమనోహర్ లోహియా యనుయాయులు. కులవ్యవస్థపై లోహియా చేసిన విమర్శ వారినీ నవలవైపు ద్రిప్పుటలో వింతలేదు.

చిత్రమును శృంగేరి చెంత వైకుంఠపుర మను నూర దీసిరి. సెట్టింగులు లేవు, నిజమైన వీథి, నిజమైన అరుగులు, నిజమైన అడవి. రంగులు లేవు, నలుపు తెలుపు. పాటలు లేవు. ఆస్ట్రేలియావాడైన ఛాయాగ్రాహకునకు ఆ వీథిలోని దేదియు నలవాటైనది గాదు; అందుచేతనే కాబోలు, మనము చూచి చూచి గమనింపని తలుపుకమ్మి, తడిగుడ్డ, ఎండలో నడచువాని నీడ తెఱమీద బరువుతో నిలిచినవి.

నవలలో సగముపాలు ఆచార్యుని మనోవ్యాపారమే. ఇది చిత్రమునకు పెద్ద చిక్కు. మనస్సులోని తర్కమును గ్రంథకర్త వాక్యములలో జెప్పగలడు. చిత్రకారునకు ముఖము, దారి, మౌనము తప్ప వేఱు సాధనము లేదు. దర్శకులిచ్చట మాటల నాశ్రయింపక మౌనమునే యాశ్రయించిరి. మారుతిగుడిలోని నిరీక్షణ మిందుల కుదాహరణము. దీర్ఘసంభాషణమునకు, పద్యమునకు నలవాటుపడిన మన నాటకప్రేక్షకుడు ఇచ్చట విసుగుచెందవచ్చును. కాని నిరీక్షణ యనునది విసుగు లేక యెట్లు తెలియును? దేవుడు పలుకకుండుటను మాటలచే జెప్పరాదు. ఉత్తరార్ధమున, తిరునాళ్ళ ఘట్టములలో, ఆచార్యుని యంతఃకలహమంతయు ముఖమున జదువుకొనుట కొంత కష్టము; నవల నెఱిగినవారికి దొరకినంత యెఱుగనివారికి దొరకదు. ఇది చిత్రమునందలి లోపమని నా యభిప్రాయము.

ఇచ్చటనే పూర్వపు పఠాభిని జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. 1939లో వారు శబ్దముచే గట్టిగ ఘోషించి కట్టుబాటును విఱువజూచిరి. 1970లో వారి చేతిలో నున్నది శబ్దము గాదు, నిశ్శబ్దము. తొలికృతిలో శాస్త్రము పరిహాసమునకు గురి. ఇందు శాస్త్రము నమ్మినవాని వేదనకు స్థానము. ధిక్కారముకంటె సహానుభూతి లోతుగ ద్రవ్వగలదని వయస్సు వారికి నేర్పినది. నిర్వహణసంధియే లేని కథను, నిర్వహణ కూర్పక విడిచిపెట్టిరి.

నిషేధము, పతకము, చెఱ

చిత్రము బ్రాహ్మణాచారమును గుఱించిన విమర్శచే కలహములు రేపునని మద్రాసు సెన్సారువారు దీనిని నిషేధించిరి. పిమ్మట కేంద్రప్రభుత్వ సమాచారశాఖ యా నిషేధమును దొలగించినది. నిషిద్ధమైన యా చిత్రమే 1970వ సంవత్సరపు భారతీయచిత్రము లన్నిటిలో నుత్తమమైనదని జాతీయపురస్కారము బడసెను. కన్నడచిత్రమున కీ గౌరవము లభించుట అదియే ప్రథమము. స్విట్జర్లండులోని లొకార్నో చిత్రోత్సవమునందును దీనికి బహుమానము వచ్చెను.

తరువాత వారి జీవితమున పెనువిపత్తు సంభవించినది. 1975లో ప్రకటింపబడిన అత్యవసరపరిస్థితి కాలమున, జార్జి ఫెర్నాండెజ్ మున్నగువారిపై మోపిన బరోడా డైనమైట్ కేసు సందర్భమున, స్నేహలతగారిని 1976 మే నెలలో నిర్బంధించిరి. బెంగుళూరు చెఱసాలలో ఎనిమిది నెలలుండిరి. ఉబ్బసవ్యాధి ముదిరినది. 1977 జనవరిలో పెరోలుపై విడుదలయై, కొలది దినములకే మరణించిరి. వారు చెఱలో వ్రాసికొన్న దినచర్య పిదప ప్రకటితమైనది. ‘సంస్కార’లో శవమునకు గౌరవముగా నిప్పుపెట్టిన చంద్రియే తెఱవెలుపల ఈ విధముగ నంతరించుట చరిత్రయందలి దారుణములలో నొకటి.

ఆ యేడే, 1977లో, పట్టాభిరామిరెడ్డిగారి ‘చండమారుత’ వచ్చెను. లంకేశ్ నాటక మాధారము. 1984లో ‘శృంగారమాస’, 1993లో ‘దేవరకాడు’ వెలువడినవి. ‘దేవరకాడు’ పర్యావరణసంరక్షణమును గుఱించిన యుత్తమచిత్రముగ జాతీయపురస్కారము నందెను. ఇవియన్నియు గన్నడమే. 2006 మే నెలలో వారు బెంగుళూర గాలధర్మము నొందిరి.

తెలుగున నేల గాలేదు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. ధనమే కారణమని యొక సమాధానము గలదు. 1960 తరువాత తెలుగు చిత్రములు చెన్నపట్టణపు స్టూడియోలలో ప్రఖ్యాతనటులతో భారీవ్యయమున దయారగుచుండెను; పంపిణీదారుని సమ్మతి లేక చిన్నచిత్రము నిలువజాలదు. కన్నడచిత్రముల విపణి చిన్నది. చిన్నచిత్రమున కచ్చట నష్టభయము తక్కువ. ఇది సత్యమే గాని చాలదు. ధనలోపమే కారణమైనచో, అంతకంటె ధనహీనమైన చోట్లను నవ్యచిత్రములు రాగూడదు.

ముఖ్యకారణము సాహిత్యమునకును చిత్రమునకును గల సంబంధములో నున్నదని నా తలంపు. తెలుగు కవి చలనచిత్రములో పాట ద్వారమున బ్రవేశించెను. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు 1951లో ‘మల్లీశ్వరి’కి పాటలు వ్రాసిరి. ఆరుద్ర, ఆత్రేయ గార్లు పాటలచే ఇంటింట దెలిసిరి. పఠాభి పుస్తకమునకు పీఠిక వ్రాసిన శ్రీశ్రీయే పాటలు వ్రాసి, 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’లోని గీతమునకు జాతీయపురస్కారము బడసిరి. మన యుత్తమకవుల ప్రతిభ చిత్రమునకు మహాలంకారమైనది. కాని అది వేఱొకరు కట్టిన యింటికి వ్రేలాడదీసిన తోరణము. ఇల్లు కట్టు పని వారి చేతికి రాలేదు.

కన్నడమున నవ్యరచయితలు కథాద్వారమున బ్రవేశించిరి. నవలాకారుడు కథనిచ్చెను, నాటకకర్త చిత్రానువాదము వ్రాసి తానే నటించెను. ‘సంస్కార’ వెనుకనే 1971లో భైరప్పగారి నవలనుండి ‘వంశవృక్ష’, 1975లో శివరామ కారంత్ నవలనుండి ‘చోమన దుడి’, 1977లో మఱల అనంతమూర్తిగారి కథనుండియే గిరీశ్ కాసరవళ్ళి ‘ఘటశ్రాద్ధ’ వచ్చినవి. చివరి రెండును ఆయా సంవత్సరములకు దేశమున నుత్తమచిత్రములుగ స్వర్ణకమలము నందినవి. ఎనిమిదేండ్లలో మూడుమాఱులు కన్నడమునకు దక్కిన గౌరవము సాహిత్యమువలన దక్కినది.

తెలుగున సమాంతరచిత్రములని పేర్గన్న తొలివానిలో మూడింటిని జూడుడు. 1977లో ‘ఒక ఊరి కథ’: దర్శకుడు వంగీయుడైన మృణాల్ సేన్, కథ ప్రేమ్‌చంద్ వ్రాసిన ‘కఫన్’. 1978లో ‘అనుగ్రహం’: దర్శకుడు శ్యామ్ బెనెగల్, కథ ఖానోల్కర్ మరాఠీ నవల. 1979లో తయారైన ‘మా భూమి’: దర్శకుడు గౌతమ్ ఘోష్, కథకు మూలము కిషన్ చందర్ ఉర్దూ నవల. మూడును మంచి చిత్రములే; మూడవది నిర్మాతలైన తెలుగువారి పట్టుదలచే జనసామాన్యమునకు గూడ నెక్కినది. కాని యొక్కదానికిని మూలము తెలుగు కథ గాదు. తెలుగు కవి కన్నడమునకు దర్శకుడై పోయినాడు. తెలుగునకు వంగదేశమునుండి దర్శకులు, మరాఠీ ఉర్దూలనుండి కథలు రావలసివచ్చినవి. మనకు కథలు లేకనా? 1922లోనే ‘మాలపల్లి’ గల భాష మనది. 1938లో ‘మాలపిల్ల’ చిత్రమునకు చలముచేత కథ వ్రాయించుకొన్న గూడవల్లి రామబ్రహ్మముగారు మనవారే. ఆ త్రోవ నడుమ తెగిపోయెను.

తరువాతి కాలమున బి. నరసింగరావుగారు ‘మా భూమి’ నిర్మాణమునుండి దర్శకత్వమునకు వచ్చి, ‘రంగులకల’ (1983), ‘దాసి’ (1988) చిత్రములచే తెలంగాణపు మాటను, మౌనమును తెఱకెక్కించిరి. ‘దాసి’ యొక దేశముఖు గడిలోని పరిచారిక కథ. దానికి అయిదు జాతీయపురస్కారములు వచ్చినవి. తెలుగున నది సాధ్యమే యని యీ కృషి నిరూపించినది. అయినను పట్టాభిరామిరెడ్డిగారి విషయమున మనము గోల్పోయిన దేదో గోల్పోయితిమి.

ఉపసంహారము

చిత్రచరిత్రకారులు ‘సంస్కార’ను కన్నడమున జేర్చుట న్యాయమే. భాష యేదో చిత్రము దానిదే. కాని తెలుగు సాహిత్యచరిత్రలో పఠాభిని గుఱించి వ్రాయునపుడు 1939తో నిలిపివేయుట న్యాయము గాదు. పాఠశాలలో ఆయన పేరు చెప్పు పండితుడు, వ్యాకరణమును ధిక్కరించిన కవి యని యొక్క వాక్యముతో ముగించుచున్నాడు. ఆ కవి పిమ్మట శాస్త్రమును నమ్మినవాని బాధను దేశమంతయు జూచునట్లు చూపెనని రెండవ వాక్యము చేర్పవలెను. మొదటి వాక్యము మాత్రమే విన్న విద్యార్థికి తిరుగుబాటు సులభమని తోచును. రెండవదియు విన్నచో దానికెంత కాలము, ఎంత సహనము పట్టునో తెలియును.

తిరుపతిలో సంస్కృతవిశ్వవిద్యాలయమును, శ్రీవేంకటేశ్వరవిశ్వవిద్యాలయమును, కుప్పమున ద్రావిడవిశ్వవిద్యాలయమును గలవు. ధర్మశాస్త్రము చెప్పువారు, తెలుగు చెప్పువారు, కన్నడము తెలిసినవారు ఒక్క దినపు ప్రయాణములో గలిసికొనగల సీమ యిది. వారొక్కచోట గూర్చుండి యీ చిత్రమును జూచి, ప్రాణేశాచార్యుడు వెదకిన గ్రంథములలో నారణప్ప విషయమునకు నిజముగ సమాధానము గలదా, ఆపద్ధర్మ మేమి చెప్పును అని చర్చించినచో, అది సాహిత్యమునకును శాస్త్రమునకును గూడ నుపకారము. ఆచార్యుడు బండియెక్కి తిరుగబోవుచున్నాడు. ఆయన యేమి చెప్పవలెనో నిర్ణయించు భారమును దర్శకుడు మనపై వదలినాడు.